వేలిముద్రయు, బీదవాని బియ్యమును

ప్రభుత్వము బీదలకొరకు కేటాయించిన ధాన్యమును, ధనమును దొంగలపాలు కాకుండ కాపాడుట యెట్లు? ఆ కాపాడు ప్రయత్నములో నిజమైన బీదవాడే గడప వెలుపల నిలిచిపోకుండ చూచుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలను కలిపి నేడు మీ ముందుంచ దలచితిని. వీనిలో ఒకదానినే పట్టుకొని మాటలాడువారు పెక్కుమంది కలరు. కొందరికి దొంగతనము మాత్రమే కనబడును. కొందరికి ఆకలి మాత్రమే కనబడును. గ్రామములో తగవులు తీర్చిన మీవంటి పెద్దలకు ఇరుపక్షముల మాటలను వినుట అలవాటు. కనుక ఈ విషయమును మీతో ముచ్చటించుట యుక్తమని నాకు తోచినది.

మొదట దొంగతనపు మాట. ఇది కల్పితము కాదు. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యపు పథకమును ఆరంభించినది మొదలు, చౌకబియ్యము తెలుగునాట బీదకుటుంబములకు పెద్ద దిక్కైనది. అయితే బజారు ధరకును, చౌక దుకాణపు ధరకును ఎంత వ్యత్యాసముండునో, నడుమనున్నవారికి అంత ఆశ పుట్టును. చనిపోయినవారి పేర కార్డులు నిలిచియుండుట, ఒకే ఇంటికి రెండు కార్డులుండుట, సరకు రాలేదని చెప్పి బస్తాలను రాత్రివేళ మిల్లుకు తరలించుట మీరెరుగని విషయములు కావు. ఉపాధి పనులలో పార పట్టనివాని పేరు మస్టరులో నెక్కుటయు మీరెరిగినదే. ఇట్లు పోయిన ప్రతి గింజయు, ప్రతి రూపాయయు బీదవాని కంచములోనిదే కాని వేరొకనిది కాదు. కావున కాపలాయే వలదనువాడు బీదవాని మేలు కోరినవాడు కాడు.

ఆ కాపలాకై వచ్చినది యంత్రము. 2012లో తూర్పు గోదావరి జిల్లాలోని కొన్ని చౌకధరల దుకాణములలో వేలిముద్ర యంత్రమును ప్రయోగించి చూచిరి. తెలంగాణమున 2016లో హైదరాబాదు నగరముతో మొదలై, 2018 నాటికి ఈ పద్ధతి రాష్ట్రమంతట వ్యాపించెను. దాని పని తీరు సులభముగనే చెప్పవచ్చును. దుకాణదారుడు కార్డు సంఖ్యను యంత్రమున నొక్కును. సరకునకు వచ్చినవారు వేలును గాజుపలక మీద నుంచుదురు. ఆ ముద్ర తంతి లేని తపాలావలె దూరమున నున్న ఆధారు భాండాగారమునకు పోయి, అక్కడ దాచియుంచిన ముద్రతో పోల్చబడును. సరిపోయిన యెడల అవునని, సరిపోని యెడల కాదని జవాబు వచ్చును. అవునన్నచో తూకము, రసీదు. కాదన్నచో బియ్యము లేదు.

దీనివలన కలిగిన మేలును దాచుట న్యాయము కాదు. దుకాణదారుడు తన ఇచ్చవచ్చినట్లు లెక్క వ్రాసికొనుటకు మునుపటి స్వేచ్ఛ లేదు. మరియు 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల మధ్య ఒక క్రొత్త సదుపాయము కలిగెను. శ్రీకాకుళమునుండి హైదరాబాదునకు కూలికి వచ్చినవాడు తన ఊరి కార్డుతోనే ఇక్కడి దుకాణమున ధాన్యము పొందవచ్చును. ఈ పద్ధతి పిదప దేశమంతట అమలునకు వచ్చినది. కాగితపు కార్డుల కాలములో ఇది సాధ్యమయ్యెడిది కాదు.

యంత్రము మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు జవాబు యంత్రములో లేదు, దానిని వాడు నియమములో కలదు. దీనికి మన తెలుగుదేశమునందే మంచి నిదర్శనము కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2010 మొదలు 2012 వరకు ఉపాధి కూలిని, పింఛనును వేలిముద్ర గల స్మార్టు కార్డులద్వారా చెల్లించు పద్ధతిని క్రమక్రమముగ ప్రవేశపెట్టిరి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రభుత్వముతో కలిసి ఆదిలాబాదు, అనంతపురము, కడప, ఖమ్మము, కర్నూలు, నల్లగొండ, నెల్లూరు, విజయనగరము అను ఎనిమిది జిల్లాలలో దీనిని పరీక్షించిరి. ఏ మండలములకు కార్డులు ముందు, ఏ మండలములకు వెనుక అనునది చీట్లు వేసినట్లు నిర్ణయించి, 157 మండలముల ఫలితములను పోల్చిరి. ముందుగా కార్డులు వచ్చిన మండలములలో కూలి త్వరగా చేతికందెను. ఉపాధి పథకములో నడుమ జారిపోవు సొమ్ము నూటికి 41 వంతులు తగ్గెను. పని కోరినవారికి దారి మూసికొనిపోలేదు. కూలీలలో అత్యధికులు పాతపద్ధతికంటె ఇదియే మేలనిరి.

ఇట్లేల జరిగెను? ఇందొక చిన్న నియమము కలదు. కార్డు లేనివానికి, వేలిముద్ర పడనివానికి చెల్లింపు నిలుపవలెనని ఆనాడు నిర్బంధింపలేదు. రెండేండ్లు గడచినను ఇంచుమించు సగము చెల్లింపులు మాత్రమే క్రొత్తపద్ధతికి మారెను. తక్కినవి పాతదారినే సాగెను. క్రొత్త తలుపు తెరచిరి కాని, పాత తలుపునకు తాళము వేయలేదు.

ఝార్ఖండు రాష్ట్రములో దీనికి విరుద్ధమైన దారి పట్టిరి. అక్కడ చౌకధాన్యమునకు వేలిముద్ర తప్పనిసరి చేసిరి. పైని చెప్పిన పండితులే అక్కడను పరిశోధించిరి. నిర్బంధించుట మాత్రముచేత అపహరణ తగ్గినట్లు వారికి కనబడలేదు. ముందుగా ఆధారు సంఖ్యను కార్డునకు జతపరచని కుటుంబములకు మాత్రము అందెడు సరకు విలువ ఇంచుమించు నూటికి 10 వంతులు తగ్గెను. దుకాణదారుడు ముద్ర పడినవానికే తక్కువ తూచి దొంగిలించినచో యంత్రము చూడజాలదు గదా! తరువాత 2017లో దుకాణమున మిగిలియుండవలసిన నిల్వను లెక్కగట్టి, ఆ మేరకు క్రొత్త సరకును తగ్గించి పంపిరి. అప్పుడు అపహరణ తగ్గినది. కాని దుకాణదారుడు ఆ నష్టమును కొంత బీదలపైకి నెట్టుటచే వారి వంతును తగ్గినది. ఒకే యంత్రము, ఒకే దేశము. నియమము మారగా ఫలము మారినది.

ఇక మన చెంతకు వత్తము. నేను హైదరాబాదులో కోఠి ప్రాంతమున నివసించువాడను. సుల్తానుబజారు, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగరు నేను నిత్యము తిరుగు చోటులు. మీ గ్రామములనుండి వచ్చి అశోక్‌నగరున గదులు అద్దెకు తీసికొని, చిక్కడపల్లి గ్రంథాలయమున ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువకులతో అప్పుడప్పుడు మాటలాడుచుందును. నగరమున నేను చూచు చిక్కునకును, వారు తమ ఊళ్లలో చూచు చిక్కునకును భేదము లేదని వారి మాటలవలన తెలిసికొంటిని.

ఇక్కడి సందులలోని యొక దుకాణము ముందు నేను చూచినది చెప్పెదను. నాలుగిండ్లలో అంట్లు తోమి బ్రతుకు ఒక వృద్ధురాలు పలకపై వేలు పెట్టెను. యంత్రము కాదన్నది. "అవ్వా, ఇంకో వేలు పెట్టు" అని దుకాణదారుడు చెప్పెను. ఆమె కొంగుతో తుడిచికొని మరియొక వేలు పెట్టెను. అదియు కాలేదు. అయిదారు సారులు ప్రయత్నించిన పిదప "రేపు పొద్దున రా, అవ్వా" అని చెప్పి పంపెను. అతడు కఠినుడు కాడు. తన చేతిలో వేరుదారి లేదని అతని నమ్మకము. కాని రేపనగా ఆమెకు ఒక పూట పని పోవుట, ఒక యజమానురాలి చేత మాటపడుట.

వేలి గీతలను అరుగదీయునది శ్రమయే. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో ఏండ్లకేండ్లు బీడీలు చుట్టిన స్త్రీల వేళ్లు, సున్నమును సిమెంటును కలిపిన కూలివాని వేళ్లు, బురదలో నాట్లు వేసిన ముదుసలి వేళ్లు నునుపెక్కి పోవును. కుర్చీలో కూర్చుండి వ్రాసికొనువాని ముద్ర చక్కగా పడును. అనగా, ఎవనికి బియ్యము మిక్కిలి అవసరమో వాని వేలినే యంత్రము గుర్తింపకపోవు అవకాశము హెచ్చు. ఇది ఎవని ద్వేషమువలనను జరుగునది కాదు, అయినను జరుగుచున్నది.

ఒక పరీక్షకు బదులు మరియొకటి పెట్టిన మాత్రమున చిక్కు తీరదు. కోవిడు కాలములో వేలిముద్రవలన అంటు సోకునను భయముచే, 2021 ఫిబ్రవరిలో తెలంగాణమున కనుపాప గుర్తింపును, చేతి ఫోనునకు వచ్చు గుప్తసంఖ్యను ఉపయోగింప మొదలిడిరి. ఉద్దేశము మంచిదే. కాని ఫోను సంఖ్య ఆధారునకు జతపడియున్నగాని ఆ గుప్తసంఖ్య రాదు. వెంటనే ఆధారు కేంద్రముల ముందు జనులు బారులు తీరిరి. ఫోను లేని వృద్ధులు, ఫోను కొడుకు చేతిలోనున్న తల్లులు మరల వెనుకబడిరి.

ఇంతవరకు దుకాణపు గడపను గూర్చి చెప్పితిని. ఇంతకంటె గంభీరమైన విషయము వేరొకటి కలదు. దుకాణమునకు పోకమునుపే, ఎవరికిని తెలియకుండ, పట్టికలోనుండి పేరు తొలగిపోవుట.

తెలంగాణమున చౌకధాన్యపు కార్డునకు ఆదాయపు హద్దు గ్రామములలో ఏడాదికి లక్షన్నర, పట్టణములలో రెండు లక్షలు అని యేర్పరచిరి; మాగాణి మూడున్నర ఎకరములు, మెట్ట ఏడున్నర ఎకరములు హద్దుగా నుంచిరి. వీనిని మించినవారిని కనిపెట్టుటకు ప్రభుత్వము "సమగ్ర వేదిక" అను కంప్యూటరు ఏర్పాటును వాడెను. ఇది కార్లు మొదలగు వాహనముల పట్టిక, ఆస్తుల పట్టిక, ఉద్యోగుల పట్టిక మున్నగువానిని పేరులతోను, చిరునామాలతోను సరిపోల్చి, ఈ కార్డుదారుడు ఫలానా కారు యజమాని కావచ్చునని ఊహించును.

ఇక్కడనే మీ అనుభవము పనికివచ్చును. మీ యూరిలో మల్లయ్యలు ఎందరు? చెరువుకట్ట మల్లయ్య వేరు, కుమ్మరి మల్లయ్య వేరు, దుబాయి మల్లయ్య వేరు. మీరు పొరబడరు. కంప్యూటరునకు మల్లయ్య మల్లయ్యయే. ఒక కచ్చేరీలో ఇంటిపేరు ముందు వ్రాయుదురు, ఒకచోట వెనుక వ్రాయుదురు, వేరొకచోట వదలిపెట్టుదురు. ఉర్దూ పేరు ఇంగ్లీషు అక్షరములలోనికి మూడువిధములుగ మారును. ఇక హైదరాబాదు ఇండ్ల సంఖ్యలు గీతలమీద గీతలు కలవి. పాత సంఖ్య యొకటి, క్రొత్త సంఖ్య యొకటి. ఇట్టి స్థితిలో హైదరాబాదున రిక్షా త్రొక్కి బ్రతికినవాని కుటుంబము కారు గల కుటుంబముగ లెక్కలోనికెక్కి కార్డు కోల్పోయిన సంగతి పత్రికలలో వచ్చెను. అప్పు తెచ్చి కారు కొని, దానిని నడిపియే పిల్లలను పోషించువాడును ఆ పట్టికలో ధనవంతుడే.

2014 తరువాతి యేండ్లలో తెలంగాణమున ఇంచుమించు 19 లక్షల కార్డులు రద్దయ్యెను. పెక్కుమందికి ముందుగా నోటీసు అందలేదు. దుకాణమునకు పోయిననాడు మాత్రమే తెలిసెను. హైదరాబాదునకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారు న్యాయస్థానము తలుపు తట్టిరి. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు, కంప్యూటరు చెప్పిన మాటనుబట్టి రద్దయిన కార్డులను క్షేత్రమునకు పోయి విచారింపవలెనని ఆజ్ఞాపించెను.

పునఃపరిశీలనకై 4,91,899 అభ్యర్థనలు వచ్చెను. 2022 జూలై నాటికి వానిలో 2,05,734 పరిశీలింపబడెను. అందు 15,471 కుటుంబములు అర్హములని తేలెను. ఈ అంకెలను రెండు విధములుగ చదువవలెను. పరిశీలించినవానిలో నూటికి 92 పైగా తిరిగి అర్హములని తేలలేదు. కావున ఏరివేతకు కారణమే లేదని చెప్పుటకు వీలులేదు. కాని నూటికి ఏడున్నర వంతున తప్పుగా తొలగింపబడిరి. పదునైదువేల ఇండ్లనగా పెక్కు గ్రామములతో సమానము. న్యాయస్థానము కలుగజేసికొననిచో ఆ ఇండ్లను ఎవరు లెక్కపెట్టి యుందురు?

ఇప్పుడు నా అభిప్రాయమును మనవి చేసెదను. యంత్రము సందేహింపవచ్చును, తీర్పు చెప్పరాదు. సందేహము విచారణకు ఆరంభము కావలెను కాని, శిక్షకు కారణము కారాదు. పేరు కొట్టివేయ దలచినవాడు ఆ ఇంటి గడపవరకు నడచిపోవలెను. కారణమును ఇంటివారికి తెలియు భాషలో వ్రాసి ఇయ్యవలెను. జవాబు చెప్పికొనుటకు గడువియ్యవలెను. విచారణ ముగియువరకు బియ్యము ఆపరాదు.

ఏలనగా ఇక్కడ జరుగగల తప్పులు రెండును సమానమైనవి కావు. అర్హత లేనివాడు నాలుగు నెలలు బియ్యము తిన్నచో ప్రభుత్వమునకు కొంత నష్టము. దానిని పిదప రాబట్టుకొనవచ్చును. అర్హుడు నాలుగు నెలలు పస్తున్నచో, అయిదవ నెలలో కార్డు తిరిగి ఇచ్చినను ఆ ఆకలి తిరిగిరాదు. మొదటి తప్పును సరిదిద్దు శక్తి ప్రభుత్వమునకు కలదు. రెండవదానిని మోయు శక్తి బీదవానికి లేదు.

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు. వేలిముద్ర లేకయే ఇయ్యవచ్చునన్నచో, దుకాణదారుడు లేనివారికి ఇచ్చినట్లు వ్రాసికొనడా? వ్రాసికొనవచ్చును. కాబట్టియే 2017 అక్టోబరులో కేంద్ర ఆహారశాఖ ఒక మార్గము చూపెను. ఆధారు లేదను కారణముచేత పేరు తొలగింపరాదనియు, ముద్ర పడనప్పుడు కార్డును, ఆధారును చూచి సరకు ఇచ్చి, ఆ వివరమును ప్రత్యేకపు పుస్తకములో వ్రాసియుంచవలెననియు రాష్ట్రములకు తెలిపెను. ఆ పుస్తకమును నెలనెల చూచినచో దొంగతనమును పట్టుకొనవచ్చును. ఒక దుకాణమున ఇట్టివి మితిమీరి కనబడినచో ఆ దుకాణమును శోధింపవలెను కాని, ఆ వాడలోని ముదుసలులనందరను వెనుకకు పంపరాదు.

కాపలా ఎవరిమీద పెట్టవలెనను దానికి వేరొక నిదర్శనము కలదు. 2018లో తెలంగాణమున రైతుబంధు క్రింద ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచునప్పుడు, కొన్ని మండలముల అధికారులకు "మీ రైతులకు ఫోను చేసి, చెక్కు అందినదా యని అడిగెదము" అని ముందుగ తెలిపి, అట్లే అడిగిరి. అంతమాత్రముచేత ఆ మండలములలో చెక్కు అందినవారి సంఖ్య నూటికి ఒకటిన్నర వంతు పెరిగెను. అయిన వ్యయము స్వల్పము. ఇక్కడ యంత్రము రైతును నిరూపించుకొమ్మనలేదు, అధికారిని జవాబు చెప్పుమనెను. అట్లే ఉపాధి పనులకు 2006 నుండి మన రాష్ట్రమున సామాజిక తనిఖీ జరిగెను. 2009లో దానికై ప్రత్యేక సంస్థ ఏర్పడెను. మస్టరులోని పేరులను ఊరివారి యెదుట బిగ్గరగా చదివి, ఫలానావాడు పని చేసెనా, కూలి ముట్టెనా యని అడిగిరి. చనిపోయినవాడు గుంత త్రవ్వినట్లు వ్రాసిన లెక్క ఊరివారి ముందు ఒక్క క్షణము నిలువదు. ఆ తనిఖీలో బీదవాడెవడును పస్తుండలేదు.

పెద్దలారా, చట్టము మీకును ఇందు స్థానమిచ్చినది. 2013 ఆహారభద్రతా చట్టము ప్రకారము చౌకధరల దుకాణమునకు సైతము నిఘా సంఘము ఉండవలెను; అందు దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు, నిరాధారులకు, వికలాంగులకు ప్రాతినిధ్యము కలదు. స్థానిక సంస్థలు సామాజిక తనిఖీ జరుపవలెను. సరకు అందనివారికి ఆహారభద్రతా భత్యము చెల్లింపవలెను. ఫిర్యాదునకు జిల్లా అధికారియు, అతని పైని రాష్ట్ర ఆహార కమిషనును కలవు. 2016 ఆధారు చట్టములోని ఏడవ సెక్షను, ఆధారు సంఖ్య ఇంకను రానివానికి వేరువిధముగ గుర్తింపు చూపు అవకాశమును చెప్పుచున్నది. 2018 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో ఆధారును నిలిపినను, ముద్ర సరిపోలేదను కారణముచే అర్హుడు నష్టపోరాదను విషయమును గుర్తించెను.

అయితే చట్టము తనంతట తాను దుకాణమునకు నడచి రాదు. కనుక నేను కోరునది ఇది. నెలకొకసారి మీ యూరి దుకాణమునకు పోయి, ఈ నెల ఎవరెవరు వెనుకకు మరలిరో అడుగుడు. పేరు తొలగినవారి పట్టికను కోరి తెప్పించి గ్రామసభలో చదివింపుడు. అందు చనిపోయినవారున్నచో సరియే యనుడు. ధనవంతుడున్నచో అదియు సరియే యనుడు. మీ బంధువైనను మొగమాటము వలదు. కాని చెరువుకట్ట మల్లయ్యను దుబాయి మల్లయ్యగా భ్రమించి కొట్టివేసినట్లు కనబడినచో, ఊరివారి సంతకములతో వ్రాసి పంపుడు. వ్రాయుటకు మీ చదువుకొనుచున్న పిల్లల సాయము తీసికొనుడు. జవాబు వచ్చువరకు ఆ కాగితపు నకలును భద్రపరచుడు.

పూర్వము ధాన్యము కొలుచునప్పుడు, కొలుచువాడొకడు, చూచువాడొకడు ఉండెడివారు. నేడు కొలుచువాడు యంత్రమైనను, చూచువాడు మనిషియే కావలెను. ఆ చూచు పనిని మీరు చేపట్టుదురని నమ్మి సెలవు తీసికొనుచున్నాను.